పొగ వెళ్ళే దారి

అనువాదకునికి తన పొరపాటు ముఖాముఖి తారసపడటం అరుదు. పుస్తకం అచ్చవుతుంది, ఎవరో చదువుతారు, అంతటితో సరి. నా పొరపాటు మాత్రం గత వేసవిలో మరొక బండి వెనుక తాడు కట్టించుకొని, రాయపూరు గుఢియారీలోని మా వాకిటికే వచ్చింది.

అది నాలుగు చక్రాలకూ శక్తి అందే డీజిలు జీపు. యజమాని మా వీధివాడే. 1931లో విజయనగరం–రాయపూరు రైలుమార్గం పూర్తయిన తరువాత ఇటు తరలివచ్చిన కుటుంబాలలో ఒకదానివాడు. సర్వే బృందాలను బస్తరు అడవిదారుల్లో తిప్పడం అతని జీవనోపాధి. కేశ్‌కాల్ ఘాటు ఎక్కుతూండగా ఇంజను పక్కనుంచి టపటపమని శబ్దం మొదలయిందట. లాగుడు సగానికి పడిపోయింది. వెనుక నల్లని పొగ, లోపల కూర్చున్నవారికి దగ్గు, తలనొప్పి.

"బాబాయిగారూ, మీరు రాసిందే కదండీ ఇది!" అని జేబులోనుంచి ఒక కరపత్రం తీశాడు.

నేను రాసిందే. రెండేళ్ళ క్రితం విడిభాగాల వర్తకుడొకరికి ఇంగ్లీషునుంచి తెనిగించి ఇచ్చినది. "ఏ ఇంజనుకైనను అమరును, బలమును పెంచును" అన్న వాక్యం ముచ్చటగా కుదిరిందని ఆనాడు మురిసిపోయాను కూడా. ఇంగ్లీషు సాహిత్యం చదివినవాడికి మానిఫోల్డ్ అంటే బహువిధమని తెలుసు. ఆ పేరుగల ఇనుప భాగం ఇంజనులో ఎక్కడ ఉంటుందో ఎవరు చెప్పారు గనుక!

తెలుసుకోక తప్పలేదు. వారం రోజులు మెకానిక్కు పక్కన పీట వేసుకొని కూర్చున్నాను.

నాలుగు సిలిండర్లనుంచి వెలువడే వేడి వాయువులను ఒక్క దారికి చేర్చేది మానిఫోల్డు. కంపెనీవారు దానిని సాధారణంగా పోత ఇనుముతో చేస్తారు: పొట్టిది, బరువైనది, చూపునకు మొరటుది. దానికి బదులు సిలిండరుకొక గొట్టం వంచి అతికితే అది హెడరు. 1-3-4-2 వరుసలో మండే ఇంజనులో ఒకటవ గొట్టాన్ని నాలుగవదానితో, రెండవదానిని మూడవదానితో జతచేసి, ఆ తరువాత రెండు జతలనూ కలిపితే ఒకదాని నిశ్వాసం మరొకదానికి అడ్డురాదు. పెట్రోలు పందెపు కార్లలో దీని ప్రయోజనం ప్రత్యక్షం. టర్బో లేని పాత డీజిలు జీపుకు కూడా కొంత మేలు చేస్తుంది గాని, నెమ్మదిగా తిరిగే ఇంజను గనుక ఎక్కువ ఆశించరాదు.

టర్బో ఉన్నచోట కథ వేరు. 1905లో స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి పేటెంటు పొందిన ఊహ ఇది: వృథాగా పోయే పొగచేత ఒక చక్రం తిప్పించి, దానితో ఇంజనులోకి గాలి దట్టించడం. ఇక్కడ పొగ వ్యర్థపదార్థం కాదు, పనివాడు. వాడు వేడి చల్లారకముందే టర్బోను చేరాలి. పొడవైన పలుచని గొట్టాలలో తిప్పితే దారిలోనే నీరసించిపోతాడు. పైగా టర్బో బరువంతా మోయవలసినది ఆ మానిఫోల్డే.

లోహం సంగతి మరీ విచిత్రం. నిండు బరువుతో ఘాటు ఎక్కే డీజిలులో ఆ భాగం 600 డిగ్రీల సెంటీగ్రేడు దాటి కాగవచ్చు. ఆ వేడికి అర మీటరు పోత ఇనుము 3 మిల్లీమీటర్ల పైచిలుకు సాగితే, హెడరుకు వాడే స్టెయిన్‌లెస్ స్టీలు సుమారు 5 మిల్లీమీటర్లు సాగుతుంది. అంతగా కాగని ఇంజను తలకు బోల్టులతో బిగించి ఉన్నది ఎటు సాగగలదు? రోజూ సాగబోయి, సాగలేక, అతుకు దగ్గర పగులుతుంది. మావాడి హెడరులో రెండవ మూడవ గొట్టాల నడుమ కనిపించింది వెంట్రుకంత బీట. టర్బోను చేరకముందే పొగ కారిపోయింది. గాలి చాలక ఇంధనం సరిగా మండలేదు. తలనొప్పి కూడా ఆ బీట చలవే. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది. గంట ప్రయాణంలో భిలాయి, 1959లో తొలి కొలిమి వెలిగిన ఊరు. ఇంత ఇనుము నడుమ కాపురముంటూ నాకు ఈ ముక్క తెలియలేదు.

ఇక ఏది కొనాలి? బీటను తిరిగి అతికించడం చవక, కాని నెల తిరక్కముందే మళ్ళీ ఇదే కథ. దళసరి గొట్టాలతో ప్రత్యేకంగా చేయిస్తే నిలుస్తుంది; ధర మాత్రం అతని మూడు నెలల కిస్తీ. దానికి తోడు 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను ఒకటున్నది. కంపెనీ నిర్దేశానికి భిన్నమైన మార్పులను అది కట్టడి చేస్తుంది. ప్రభుత్వ పనికి అద్దె తిరిగే బండి కాగితాలు ఎవరూ చూడకుండా వదలరు. మావాడు మొరటు పోత ఇనుమునే ఎంచుకున్నాడు. కొత్త గాస్కెటు, కొత్త స్టడ్డులు; ఇంజను తలమీద ఉక్కు బద్ద ఆన్చి వంపు లేదని చూశాక, నడుమనుంచి చివరలకు క్రమంగా బిగించారు.

ఖర్చులో సగం నేనిస్తానన్నాను. "మీరేం చేస్తారు బాబాయిగారూ, వాళ్ళు రాసిందే కదా మీరు రాసేరు" అని తీసుకోలేదు.

మొన్న ఆ కరపత్రం రెండవ ముద్రణకు వచ్చింది. "టర్బో లేని ఇంజనులకు మాత్రమే" అన్న మాటలు చేర్చమని వర్తకునికి చెప్పాను. స్థలం చాలదన్నారు. నా వాక్యం కొట్టివేసి, పారితోషికం తిప్పి పంపాను.