పేరులు వల్లించుట వ్యాకరణమా?

భాష నేర్చుకొనువారికి వ్యాకరణ పరిభాష ఎంతవఱకు కావలయునను విషయమున మనలో రెండు పక్షములు కలవు. మొదటి పక్షమువారికి పరిభాషయే వ్యాకరణము. వారు పిల్లలచేత "డు, ము, వు, లు" మొదలుకొని సంబోధనలవఱకు కంఠస్థము చేయించి, తమ ధర్మము నెఱవేఱినదని తలంతురు. రెండవ పక్షమువారు, పసిబిడ్డ తల్లియొడిలో వ్యాకరణము చదువకయే మాటలాడుచున్నది గదా, ఈ సంకెల లెందుకని పరిభాష నంతయు పాఱవేయుమందురు. తెలుగింట పుట్టిన బిడ్డ వేఱనియు, తెలుగును క్రొత్తగా నేర్చుకొను బిడ్డ వేఱనియు ఈ యిరువురును గమనింపరు.

"మావా డెక్కడ?" అని యడుగుటకు తెలుగుబిడ్డకు ఉత్వసంధి పేరు తెలియనక్కఱలేదు. కాని 2018వ సంవత్సరమున తెలంగాణములో పదవ తరగతివఱకు అన్ని పాఠశాలలయందును తెలుగు తప్పక బోధింపవలెనని చట్టము చేసిరి. దానితో ఇంట ఉర్దూ, హిందీ, గుజరాతీ మాటలాడు పిల్లలు మన తెలుగు తరగతులలో కూర్చుండిరి. అమెరికాలో పుట్టి, సెలవులకు వచ్చి, అమ్మమ్మతో మాటలాడలేక దిక్కులు చూచు మన మనుమలును ఈ వరుసలోనివారే. వీరికి చెవి చాలదు, పేరులు కావలయును. అయితే ఆ పేరులు తెలుగులో నున్న వస్తువులకు పేరులై యుండవలెను.

విభక్తుల సంగతి చూడుడు. సంస్కృతమున పుచ్చుకొనువానికి చతుర్థి. మన పట్టికలో చతుర్థికి "కొఱకు, కై" అని వ్రాసి, "కి, కు" లను "యొక్క"తో జేర్చి షష్ఠిలో నుంచినారు. "అక్కకు పండు ఇచ్చితిని" అను వాక్యమున "కు" ఏ విభక్తియని బాలుర నడిగిన, పట్టిక వల్లించినవాడు షష్ఠియనును, అర్థ మెఱిగినవాడు తెల్లబోవును. మా తరగతిలో ఉర్దూ మాటలాడు బాలిక యొకతె, "మా భాషలో 'కో' వేఱు, 'కా' వేఱు, ఇచ్చుటకును యొక్కకును మీకు ఒక్కటే పేరేమి?" అని యడిగినది. ఆ ప్రశ్న శాస్త్రీయము; పట్టికయే అశాస్త్రీయము. ఏడు సంస్కృతపు గూళ్లలో తెలుగు ప్రత్యయములను సర్దుటవలన వచ్చిన చిక్కిది.

అంతకంటె విచిత్రము: ఆ "యొక్క" నిత్యవ్యవహారమున మనకు దాదాపు అక్కఱకే రాదు. "చెట్టు కొమ్మ", "రాముని యిల్లు" అందుము. తెలుగులో అసలు మార్పు ప్రత్యయమున గాదు, దానికి ముందున్న శబ్దమున జరుగును. ఊరు "ఊరి"యగును, ఇల్లు "ఇంటి"యగును, చేయి "చేతి"యగును. ఆ మీదనే "కి"యైనను "లో"యైనను వచ్చి చేరును. ఈ ఇ, టి, తి లకు ఔపవిభక్తికములని పేరు. పేరు బరువైనదే, ఒప్పుకొందుము. వస్తువు మాత్రము మొదటి నెలలోనే కావలసినది. అది తెలియని బిడ్డ "ఇల్లులో", "నోరుకి" అని పలికి నవ్వులపాలగును. మన బోధకులు దీనిని పుస్తకము చివర దాచి, ఎన్నడును పలుకని "కూర్చి"ని మొదట వల్లింపజేయుదురు.

పురుషల విషయమున మఱియొక ఉచ్చు. ఆంగ్లమున "ఫస్ట్ పర్సన్" అనగా నేను. సంస్కృత క్రమమున ప్రథమ పురుష యనగా వాడు. ప్రథమ మనగా మొదటిదని యెఱిగిన బిడ్డయే ఇచ్చట తప్పుచేయును, ఎఱుగనివాడు తప్పించుకొనును! "నేను, నీవు, వాడు" అని చూపి పిదప పేరు చెప్పిన ఈ చిక్కు లేదు. మేము, మనము అను భేదమును గుజరాతీ బిడ్డ "అమే", "ఆపణే" అని తన యింటినుండియే తెచ్చుకొనును. ఆంగ్లముతో పెరిగినవానికి మాత్రము విడమఱచి చెప్పవలెను.

పని చేయువాడు కర్త యని నిర్వచనము. "నాకు ఆకలి వేయుచున్నది" అనుచోట నేను చేయు పని యేమి? క్రియ ఆకలి ననుసరించుచున్నది గాని నన్ను గాదు. హిందీబిడ్డ "ముఝే భూఖ్ లగీ హై" అని తన భాషలో దీనికి జోడు కనుగొనును. మన నిర్వచనమే వానిని త్రోవ తప్పించును.

లింగమును గూర్చి కొంచెము నిలువవలెను. పుస్తకమును సైతము స్త్రీలింగముగా నెంచు హిందీనుండి వచ్చిన బిడ్డకు మన బడిలో పుం, స్త్రీ, నపుంసకములని మూడు చెప్పుదురు. వాడు క్రియలలో మూడు రూపములకై వెదకి రెంటినే కనుగొనును: అతడు పోవుచున్నాడు, ఆమె పోవుచున్నది, బండియు పోవుచున్నది. బహువచనమున స్త్రీలు పురుషులతో గూడి "పోవుచున్నారు", బండ్లు "పోవుచున్నవి". పూర్వ వ్యాకర్తలు ఈ తెలుగు మర్మము నెఱిగియే మహత్తు, అమహత్తు అను పేరులు పెట్టిరి. (పురుషునికి మహత్తని పేరిడినవారు పురుషులేయని వేఱుగ జెప్ప నక్కఱలేదు.) ఆ పేరులు మనకు నచ్చకున్నను విభాగము సత్యమైనది. దానిని విడిచి సంస్కృతపు మూటిని నేర్పుట యెందులకు?

1816లో ప్రకటితమైన క్యాంబెల్ వ్యాకరణమునకు చేర్చిన వ్యాసమున ఎల్లిస్ దొర తెలుగు సంస్కృతజన్యము కాదని చూపెను. రెండువందల యేండ్లు దాటినను ఆ వార్త మన విభక్తి పట్టికకు చేరలేదు! క్యాంబెల్, 1840లో బ్రౌను, తెలుగు రానివారికై వ్రాసిరి. 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణము తెలుగు వచ్చి కావ్యభాష నెఱుగగోరువారికి. అది గొప్ప గ్రంథము. దానిలోని మాటలను అక్షరములు కూడబలుకుకొను విద్యార్థికి అప్పగించుట సూరి దోషము గాదు, మనది.

పరీక్షాపత్రములలో "విభక్తులను వ్రాయుము" అను ప్రశ్న మాని, "ఊరు, ఇల్లు, చేయి: వీనికి 'కి' చేర్చి మూడు వాక్యములు వ్రాయుము" అని యడుగవచ్చును గదా? ఇందులకు పండితుల అభ్యంతర మేమో మాకు బోధపడకున్నది.