అప్పు వర్సిటీది, వాయిదా ఎవరిది?

కేంద్రీయ విశ్వవిద్యాలయంలో కొత్త హాస్టలో, ప్రయోగశాలో కట్టాలంటే ఒకప్పుడు ప్రధాన ఆధారం కేంద్రం గ్రాంటే. కెనరా బ్యాంకుతో కలిసి కేంద్రం 2017లో ఉన్నత విద్యా ఆర్థిక సంస్థను (హెఫా) నెలకొల్పాక, ఆ చోటులోకి అప్పు వచ్చి చేరింది.

వడ్డీ భారం కేంద్రానిదే. అసలు దగ్గరికొచ్చేసరికి లెక్క మారుతుంది. 2018 జులైలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన విధానం ప్రకారం, పదేళ్లు దాటిన ఐఐటీల వంటి సాంకేతిక సంస్థలు అసలు మొత్తాన్నీ సొంత వనరులతో తీర్చాలి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలా 2014కు ముందే ఉన్న కేంద్రీయ వర్సిటీల వాటా 10 శాతం. అంటే రూ.100 కోట్ల అప్పుకు రూ.10 కోట్లు, పదేళ్లకు పంచితే ఏటా కోటి. పెద్ద మొత్తం కాదనిపించవచ్చు. ఐఐటీకైతే కన్సల్టెన్సీ రాబడి ఉంటుంది. చరిత్ర, భాషాశాస్త్రం బోధించే చోట సొంత ఆదాయమంటే ఎక్కువగా ఫీజులే.

అప్పు తీసుకునే నిర్ణయం ఫైనాన్స్ కమిటీ, కార్యనిర్వాహక మండలి గదుల్లో జరిగిపోతుంది. వాయిదాలు కట్టబోయే విద్యార్థి అప్పటికి ఏ ఆరో తరగతిలోనో ఉంటాడు! కాగ్ ఆడిట్ చేసిన లెక్కలు పార్లమెంటు ముందుకు వస్తాయి, నిజమే. అయితే అవి ఖర్చయ్యాక వచ్చే లెక్కలు. బడ్జెట్ వివరాలను ఎవరూ అడగకముందే వెల్లడించాలని సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ 2005 నుంచీ చెబుతోంది. ఆ స్ఫూర్తిని పాటిస్తే ఫీజు పెంపు సర్క్యులర్‌తో పాటే అప్పు ఎంత, వాయిదా ఎంత, ఏ పద్దు నుంచి కడుతున్నారన్న ఒక్క పేజీ వెబ్‌సైట్‌లో పెట్టాలి. అందుకు కొత్త చట్టమేమీ అక్కర్లేదు.