కొన్నది ఎవరి సొత్తు?

తెరమీది పుస్తకం అచ్చుపుస్తకాన్ని చంపుతున్నదని కొందరు మిత్రులు వాపోతున్నారు. తెరమీద చవకగా చదివి, నచ్చినదాన్నే అచ్చులో కొంటున్నామని మరికొందరు సమర్థించుకొంటున్నారు. యీ రెండు వాదాలూ అసలు ప్రశ్నను దాటవేస్తున్నవని నేనంటాను. డబ్బిచ్చిన పాఠకుడికి దక్కుతున్నదేమిటి?

2009 జూలైలో అమెజాన్ కంపెనీ, హక్కులు లేనివారు అమ్మారన్న కారణంతో, ఆర్వెల్ '1984' ప్రతులను పాఠకుల కిండిల్ యంత్రాలలోంచి ముందుగా చెప్పకుండానే తుడిచివేసింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన యీ-పుస్తకాల దుకాణం మూసింది. కొన్న పుస్తకాలన్నీ మాయమైనవి. యిద్దరూ డబ్బు వాపసు చేశారు, నిజమే. గాని అచ్చుపుస్తకం అమ్మిన దుకాణదారుడెవడైనా డబ్బు బల్లమీద పెట్టి మన అల్మైరాలోని పుస్తకం పట్టుకుపోగలడా?

అక్కడ మనం కొనేది చదువుకొనే అనుమతి మాత్రమే. దాన్ని తిరిగి అమ్మలేము, తమ్ముడికి దఖలు పరచలేము. నా విద్యార్థుల్లో పేదవాడి చదువు సీనియర్ల పాతపుస్తకాల మీద, ఆబిడ్స్ ఆదివారపు ఫుట్‌పాత్ మీద సాగుతున్నది. అనుమతికి పాతబజారు లేదు.

యంత్రంతో నాకు పగ లేదు. కాపీరైటు తీరిన గ్రంథాలను వికీసోర్సు ఉచితంగా అందిస్తున్నది కూడా ఆ యంత్రం మీదనే. అమ్మిన పుస్తకం అమ్మినట్లే కొన్నవాడి సొత్తు కావాలి. పాఠకులుగా మనం కోరవలసిన చట్టం అది.