పెరటి మామిడిలోని పురుగు

మా పూతలపట్టు ప్రాంతమున బెంగుళూరా మామిడియే పెక్కు కుటుంబములకు ఏడాది గ్రాసము. తోపు లేని యింటను పెరటిలో నొక చెట్టైన నుండును. మా పొరుగింటి అవ్వకు అట్టి చెట్టొకటి యుండెను. నిరుడు దాని కొమ్మ యొకటి యెండెను. పిదప మఱి రెండు. ఈ యేడు చెట్టంతయు మోడైనది. మ్రానును నఱికి చూడగా లోపల వ్రేలు దూరునంత సొరంగములు!

"చెట్టు మొదట్లో రంపప్పొట్టు మాదిరి పడతా ఉండె. పొద్దున్నే చిమ్మి పారేస్తా ఉంటినే అమ్మా, పురుగని తెలీకపాయ" అని అవ్వ కంట తడి పెట్టినది.

ఆ పొట్టే పురుగు జాడ. ఇది పొడుగు మీసముల పెంకుపురుగుల కుటుంబములోనిది. వానిలో ఐరోపా ఖండమున విల్లో చెట్ల నాశ్రయించి, కస్తూరివంటి వాసన గొట్టునదియు నొకటి కలదు; దానికి లినేయసు పండితుడు 1758లో పేరిడెను. మన మామిడి పురుగును 1775లో డి గీరను స్వీడను దేశీయుడు వర్ణించెను. దాని శాస్త్రనామము బాటోసెరా రూఫోమాక్యులేటా. రెండవ మాటకు ఎఱ్ఱమచ్చలు గలదని యర్థము. బూడిదవన్నెతో రెండంగుళముల దేహము, మెడమీద రెండు మచ్చలు, దేహమును మించిన మీసములు. చూడ ముచ్చటయే! కాని చూచినవా రరుదు. పగలు దాగి రాత్రి తిరుగును. తొలకరి దినములలో దీపపు వెలుగునకు వచ్చినపుడే మన కంటబడును.

ఆడపురుగు బెఱడును కొఱికి, ఆ గాటులో గ్రుడ్డు పెట్టును. గాయపడిన చెట్లన్న దానికి మఱింత ప్రీతి. గ్రుడ్డు నుండి వెడలిన కాళ్లులేని తెల్లని పిల్లపురుగు నెలల తరబడి కొయ్యను తినుచు మూడంగుళములకు మించి పెరుగును. ఆకులకు నీటి నందించు దారులు తెగిపోవుటచే కొమ్మలెండును. అప్పటికి మనము మేల్కొందుము!

కావున మ్రానిపై చిన్న రంధ్రము, దానినుండి కాఱు జిగురు, క్రింద పొట్టు కనబడిన నాడే ఇనుపతీగను కొక్కెముగా వంచి, రంధ్రమున దూర్చి పురుగును లాగివేయవలెను. పిదప కిరసనాయిలులో తడిపిన దూదిని దూర్చి, తడిమట్టితో మెత్తవలెను. దీపమును మాత్రము దగ్గఱకు తేరాదు. పురుగు పట్టి యెండిన కొమ్మలను కోసి కాల్చవలెను. పనస, మేడి, బూరుగ చెట్లకును ఈ పీడ కలదు.

అవ్వ ఆ మోడు దుంగలను వంటచెఱకునకని పెరటిలోనే పేర్చినది. తొలకరికి ముందే వానిని పొయ్యిలో పెట్టుమని చెప్పితిని. దుంగల ప్రక్కనే ఆమె పనసచెట్టున్నది.