ప్రశ్న తయారుచేసే చెయ్యి మనది కావద్దా?

1951లో ఉస్మానియా నుంచి కొందరు అధ్యాపకులు, విద్యార్థులు షామీర్‌పేట పోయి మకాం వేశారు. వేర్వేరు శాఖల వాళ్లంతా కలిసి ఒక్క ఊరిని చదివారు. ఆ పని మీద ఎస్.సి. దూబే రాసిన 'ఇండియన్ విలేజ్' 1955లో అచ్చయి ప్రపంచమంతా తిరిగింది. ఆ పుస్తకంలో తప్పులు లేవని మేం అనడం లేదు. పరిశోధన నేర్పడమంటే విద్యార్థిని ఊరికి తోలుకపోవడమేనన్న సంగతి ఆనాటి విశ్వవిద్యాలయానికి తెలుసు. మేం చెప్పేది అంతే.

డెబ్బై ఏళ్ల తర్వాత మన సామాజికశాస్త్ర పరిశోధక విద్యార్థికి ఏం నేర్పుతున్నాం? 2009లో యూజీసీ కోర్సువర్కు తప్పనిసరి చేసింది. మంచిదే. కానీ చాలా చోట్ల అది నాలుగు గోడల మధ్య డిక్టేషన్‌గా మారింది. నమూనా అంటే ఏమిటి, పరికల్పన అంటే ఏమిటి, నిర్వచనాలు రాసుకో, పరీక్ష రాయి, పాసైపో. ఐసీఎస్‌ఎస్‌ఆర్ డబ్బుతో జరిగే పది రోజుల శిక్షణలు ఉన్నాయి, అవి పనికొస్తాయి కూడా. కానీ పది రోజుల్లో ఈత గురించి వినొచ్చుగానీ ఈత రాదు.

ఊర్లో అడగడం వేరే విద్య. 'మీకు అప్పు ఉందా?' అంటే లేదంటారు. చేబదులు ఎంత తెచ్చారు, చిట్టీ ఎత్తారా, దుకాణంలో ఖాతా ఎంతుంది అని అడిగితే లెక్క బయటికొస్తుంది. 'భూమి ఎంత?' అంటే పట్టాలో ఉన్నది చెప్తారు. కౌలుకు చేసేది వేరుగా అడగాలె. ఇంగ్లీషు ఫారాన్ని మాటకు మాట తెలుగు చేసి పట్టుకపోయిన విద్యార్థి తప్పుడు లెక్క తెచ్చుకుంటాడు. దాని మీద ఎంత గొప్ప గణితం చేసినా తప్పు ఒప్పు కాదు. ఇది ఏ పుస్తకంలో చదివినా రాదు. పక్కన ఒక పెద్ద మనిషి ఉండి, సాయంత్రం ఫారాలు ముందేసుకుని 'ఇది ఎట్ల వచ్చింది బిడ్డా' అని అడిగితేనే వస్తుంది.

చరిత్ర విద్యార్థి గతి ఇంకా ఆగం. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్న పాత కాగితాల్లో అధిక భాగం ఫార్సీ, ఉర్దూల్లో ఉన్నాయి. సేత్వార్‌లు, పాత పహాణీలు చదవాలంటే ఉర్దూ రావాలి. ఈ నేల మీద భూమి ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి పోయిందో ఆ కాగితాల్లోనే ఉంది. నల్లగొండ నుంచో పాలమూరు నుంచో వచ్చిన పిల్లకు ఆ లిపి నేర్పే ఏర్పాటు కోర్సువర్కులో ఎన్ని చోట్ల ఉంది? లేనిచోట ఆమె ఇంగ్లీషు ఫైళ్లతోనే సరిపెట్టుకుంటది. తెల్ల దొర ఏం రాసిపెట్టుకున్నాడో అదే మన చరిత్ర అవుతది.

ఇక ఎంఫిల్. 2022 నవంబర్‌లో వచ్చిన యూజీసీ నిబంధనలు దాన్ని ఎత్తేశాయి. ఎంఫిల్ దండగ అన్నవాళ్లున్నారు. కొన్ని చోట్ల దండగే, దూరవిద్యలో అంగడి సరుకైన కాలమూ ఉంది. ఒప్పుకుంటాం. కానీ ఇంట్లో మొదటిసారి పీజీ దాకా వచ్చిన పిల్లలకు అది ఒక మెట్టు. చిన్న సమస్య తీసుకుని, తప్పులు చేసి, దిద్దుకుని, పీహెచ్‌డీకి పోయే జాగ. మెట్టు తీసేసినవాళ్లు ఇంకోపక్క నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం మార్కులుంటే నేరుగా పీహెచ్‌డీ అన్నారు. నేర్చుకునే కాలం కోసేసి, నేర్చుకున్నవాళ్లకే తలుపు తీస్తామంటే ఎవరు లోపలికి పోతారో మేం చెప్పనవసరం లేదు.

నేర్పేవాళ్లేరీ? అదే నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురు మించి ఉండరాదు. నిబంధన సరైందే. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉంచారు. ఒక పోస్టు ఖాళీ అంటే అన్ని పీహెచ్‌డీ సీట్లు మాయమన్నట్టే. ఇక బస్సు కిరాయి సంగతి. జేఆర్‌ఎఫ్ వచ్చినవాళ్లకు 2023 జనవరి నుంచి నెలకు 37 వేలు. కేంద్ర విశ్వవిద్యాలయాల్లో నెట్ ఫెలోషిప్ లేనివాళ్లకు 8 వేలు. దాన్నీ ఆపాలని చూస్తే 2015లో విద్యార్థులు ఢిల్లీలో యూజీసీ ఆఫీసు ముందు నెలల తరబడి కూర్చోవాల్సి వచ్చింది. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల పిల్లలకు ఆ 8 వేలు కూడా లేవు. చేతిలో పైస లేనోడు ఊర్లో నెల రోజులు ఎట్లుంటాడు?

ఇది పండితుల ముచ్చట అనుకునేవాళ్లకు ఒక మాట. 1969లో తెలంగాణ మిగులు నిధుల మీద కుమార్ లలిత్ కమిటీ, ఆ వెంటనే భార్గవ కమిటీ కూర్చున్నాయి. 610 జీవో అమలు మీద 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేశారు. ప్రతిసారీ కొట్లాట లెక్కల మీదనే. లెక్క విప్పి చెప్పగల జయశంకర్ సారు వంటి అర్థశాస్త్ర ఆచార్యులు ఉన్నారు కాబట్టే మన మాట నిలబడ్డది. రాష్ట్రం వచ్చాక 2014 ఆగస్టు 19న ఒక్కరోజులో సమగ్ర కుటుంబ సర్వే చేశారు. 2024 నవంబర్‌లో కుల సర్వే మొదలుపెట్టారు. ఆ ప్రశ్నలు సరిగ్గా అడిగారా, జవాబులు ఎట్లా కూడారు అని సర్కారును నిలదీయగల పిల్లలను మనం తయారు చేస్తున్నామా? మన బిడ్డలు ఫారానికి ఇంత అని కైకిలికి పోతున్నారు. ప్రశ్న తయారుచేసేవాళ్లు మాత్రం వేరే ఎక్కడో ఉన్నారు.

వైస్‌ చాన్సలర్లను మేం పెద్దవేమీ అడగడం లేదు. వచ్చే కోర్సువర్కులో ఒక నెల ఊర్లో ఉండాలి, ఖర్చు విశ్వవిద్యాలయం పెట్టాలి. చరిత్రవాళ్లకు ఉర్దూ లిపి నేర్పాలి. తెలుగులో రాసిన ఫీల్డు నోటుకు మార్కులివ్వాలి. ముందుగా ఒక్క కాగితం బయటపెట్టండి: మీ కోర్సువర్కు టైంటేబుల్‌లో విద్యార్థి క్లాసురూం దాటి బయటికి పోయే రోజులు ఎన్ని? రాసి పంపితే ఈ పేజీలోనే అచ్చేస్తాం.