యుద్ధవిమానములు – టెండరు నియమములు

అర్హులలో తక్కువ ధర వేసినవానికే కంట్రాక్టు నిచ్చుట ప్రజాధనమునకు రక్షణ యని మన ప్రభుత్వమువారి విశ్వాసము. వంతెనకైనను కాలువకైనను ఈ నియమము చాలవఱకు సరిపడును. కాని షరతులు తేలకమునుపే విజేతను నిర్ణయించినచో ఆ పోటీ యెట్లు ముగియునో 126 యుద్ధవిమానముల చరిత్ర చాటుచున్నది.

2007లో టెండర్లు పిలువబడెను. ఆఱు విమానములు పోటీకి వచ్చెను. బెంగుళూరులోను, జైసల్మేరు ఎండలోను, లేహ్ చలిలోను వానిని పరీక్షించిరి. 2011లో రెండు మిగిలెను. 2012 జనవరిలో ఫ్రాన్సువారి రఫేల్ నెగ్గెను. కొనుగోలు వెలయే గాక జీవితకాల వ్యయమును సైతము గణించుట శ్లాఘనీయమే. చిక్కు పిదప వచ్చెను. వీనిలో 108 విమానములను హిందూస్థాన్ ఏరోనాటిక్సువారు మన దేశమున నిర్మింపవలసియుండెను. ఆ పనికి ఎన్ని గంటల శ్రమ పట్టును? నిర్మించినవానికి పూచీ యెవరిది? ఈ ప్రశ్నలు విజేతను ప్రకటించిన పిమ్మట తెగని బేరములయ్యెను. ఫ్రెంచివారికంటె మనవారికి 2.7 రెట్లు పనిగంటలు కావలసెనని సుప్రీముకోర్టు తీర్పులోనే కలదు. పెండ్లిపీటలపై కట్నము బేరమాడినట్లు కాదా యిది?

2015 ఏప్రిలులో ప్రధానమంత్రి పారిసున 36 విమానములను నేరుగా కొందుమని ప్రకటించిరి. పాత టెండరు ఆ వేసవి దాటకుండ రద్దయ్యెను. 2016లో ప్రభుత్వముల నడుమ ఒడంబడిక జరిగెను. 2018లోను 2019లోను సుప్రీముకోర్టువారు జోక్యము చేసికొన నిరాకరించిరి. మేమును ఎవరిపైనను లంచపు నింద మోపుట లేదు. మా ఆక్షేపణ వేఱు. ఎలుకలున్నవని యిల్లు తగులబెట్టుకొందురా? అత్యవసరమైనదందురు. ఎనిమిదేండ్ల జాప్యమే గదా ఆ యవసరమును కల్పించినది! తుదకు 126కు బదులు 36 వచ్చెను. ఆ 108 విమానముల నిర్మాణము కాగితముపైననే నిలిచిపోయెను. 1963లో ప్రవేశించిన మిగ్-21 తరగతి 2025 సెప్టెంబరు వఱకు ఎగురవలసి వచ్చెను. ఈ లోపమునకు మూల్యము చెల్లించినది ఫైళ్లు కదల్చిన గుమాస్తా కాదు. ఆ పాత విమానముల నెక్కిన వైమానికుడు.

కావున మేము కోరునవి మూడు. స్వదేశ నిర్మాణపు షరతులు, పనిగంటలు, పూచీ యివి టెండరులోనే లిఖితపూర్వకముగా తేలవలెను. బేరమునకు గడువుండవలెను. పోటీని మధ్యలో విడిచినచో కారణములను పార్లమెంటు ముందుంచవలెను. రక్షణ రహస్యమను మాట ఆయుధమునకు వర్తించునుగాని, కొనుగోలు పద్ధతికి వర్తింపదు. మన ప్రతినిధులు ఈ మాట సభలో నడుగుదురు గాక.