సెలవులలో పిల్లల వాటా

సెలవులు సమీపించినవంటే ఇంటింటా ఒక సభ జరుగుతుంది. ఎక్కడికి పోవలె, ఎన్ని దినాలు ఉండవలె, ఎంత ఖర్చు పెట్టవలె అన్నవి ఆ సభలో చర్చకు వచ్చే విషయాలు. తండ్రి అధ్యక్షుడు, తల్లి కోశాధికారి, చూడవచ్చిన మేనమామ సలహాదారు. ఎవరి పేరు చెప్పి ప్రయాణం తలపెట్టినారో ఆ పిల్లలకు మాత్రం సభలో స్థానం లేదు. "పిల్లల కోసమే గదా ఇంత శ్రమ!" అని పెద్దలు అంటారు. తీరా బయలుదేరిన తరువాత పెట్టెలతోపాటు పిల్లలను కూడా లెక్కపెట్టి ఎక్కించడం, లెక్కపెట్టి దించడం తప్ప మరేమీ జరగదు.

శృంగవరపుకోట వంటి ఊరిలో సైతం ఈ చర్చ నేడు అరకులోయతో ఆగడం లేదు. పిల్లలు విదేశాలలో ఉద్యోగాలు చేస్తున్న కుటుంబాలు పల్లెపల్లెనా ఉన్నవి. సెల్‌ఫోను తెరమీద దక్షిణ ఫ్రాన్సు సముద్రతీరమూ, ద్రాక్షతోటలూ, ఊదారంగు లావెండరు పొలాలూ కనబడగానే "మన పిల్లలను కూడా ఒక్కసారి తీసికొని పోరాదా?" అన్న ఆలోచన కలగడం సహజమే. పోగలవారు పోవలసినదే. అయితే దానికి సన్నాహం చాల కావలె. వీసా దరఖాస్తును ప్రయాణానికి ఆరు నెలల ముందునుండి పెట్టుకొనవచ్చును. కనీసం పదిహేను దినాల ముందైనా పెట్టి తీరవలె. 2024 జూన్ నుండి పెద్దలకు 90 యూరోలు, ఆరేండ్లు నిండి పన్నెండేండ్లు నిండని పిల్లలకు 45 యూరోలు రుసుము. ఆరేండ్లలోపువారికి రుసుము లేదు. 30,000 యూరోలకు తగ్గని వైద్యబీమా కూడా ఉండవలె. ఇవన్నీ డబ్బుతోను, ఓపికతోను తీరే పనులు. వీటితో తీరని ప్రశ్న వేరొకటి ఉన్నది. పిల్లవాని మనస్సులో జీవితాంతం నిలిచిపోయే సెలవులు ఎటువంటివి?

ఈ ప్రశ్నకు సమాధానం విచిత్రంగా ఆ దక్షిణ ఫ్రాన్సునుండియే లభిస్తున్నది. మార్సెయ్ నగరంలో జోసెఫ్ పన్యోల్ అనే ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు ఉండేవాడు. ఇరవయ్యవ శతాబ్దపు తొలి యేండ్లలో, వేసవి సెలవులకై, తన తోడల్లునితో కలిసి కొండప్రాంతంలో ఒక ఇల్లు అద్దెకు తీసికొన్నాడు. ఆయన పెద్దకొడుకు మార్సెల్ పన్యోల్ పెరిగి పెద్దవాడై గొప్ప నాటకకర్త, చలనచిత్ర దర్శకుడు అయినాడు. అరవై యేండ్లు దాటిన తరువాత, 1957లో, "మా నాన్న కీర్తి" అని అర్థమిచ్చే పేరుతో ఆ సెలవుల ముచ్చటలను గ్రంథంగా వెలువరించినాడు. ఫ్రాన్సులో బాల్యాన్ని గూర్చి వెలువడిన పుస్తకాలలో అంతగా జనాదరణ పొందినవి కొన్నియే.

ఇంతకూ ఆ కుటుంబం పోయినది ఎంత దూరం? ఆ కొండలు మార్సెయ్ నగరపు పొలిమేరలోనే ఉన్నవి. కొంతదూరం ట్రాముబండి, మిగిలినది కాలినడక. అక్కడ విలాసభవనాలు లేవు. ఆ ఇంటికి కావలసిన సామాను కొత్తది కొనే స్తోమతు లేక తండ్రి పాతసామాను వర్తకునివద్ద విరిగిన బల్లలూ కుర్చీలూ కొన్నాడు. పిల్లలు చేయి కలుపగా వాటిని ఇంటివద్ద బాగుచేసుకొన్నాడు. ఆ పిల్లలకు సెలవులు కొండమీద ప్రారంభం కాలేదు. ఇంటిలో, ఉలిచప్పుడులో, గరుకుకాగితపు రాపిడిలో ప్రారంభమైనవి. కొండకు చేరిన తరువాత వారికి దొరికినది తీరిక. చీమలను, మిడుతలను గమనించడం, తండ్రి వేటకు పోతే చాటుగా వెంబడించడం, పల్లెటూరి పిల్లవానితో స్నేహం చేసి గుట్టల పేర్లు, ఊటల జాడలు నేర్చుకొనడం - ఇదే ఆ సెలవుల కార్యక్రమం.

దీనినిబట్టి తేలేది ఒక్కటే. పిల్లలకు దూరం ముఖ్యం కాదు; వాటా ముఖ్యం. ఏర్పాటులో వాటా, పనిలో వాటా, తీరికలో వాటా. ఈ మూడూ లేని ప్రయాణం పారిస్‌కు పోయినా పక్క ఊరికి పోయినా ఒక్కటే.

ఇక మన కొండలవైపు చూతము. కొత్తవలస - కిరండూల్ రైలుమార్గం బైలదిల్లా ఇనుపరాయిని విశాఖ రేవుకు చేర్చడానికి 1960-70 దశకంలో నిర్మింపబడినది. ఆ మార్గంలో శృంగవరపుకోట ఒక స్టేషను. అక్కడ రైలెక్కిన కుటుంబం బొడ్డవర, శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రాగుహలు, శిమిలిగుడ దాటి అరకు చేరుతుంది. ఇంతటి అందమైన దారి గుమ్మంలోనే ఉన్నది. కాని దానిని సాధారణంగా వినియోగిస్తున్న తీరు ఏమి? ఉదయం రైలు, బొర్రాలో ఒక గంట, అరకులో భోజనం, గిరిజన మ్యూజియం, పద్మాపురం తోట, థింసా నృత్యం, కాఫీపొడి కొనుగోలు, రాత్రికి ఘాట్‌రోడ్డుమీదుగా ఇల్లు. ఆరు స్థలాలు చూచినట్లు పెద్దలు సంతోషిస్తారు. పిల్లవానికి జ్ఞాపకం ఉండేది మలుపులలో వాంతి ఒక్కటే!

అదే కుటుంబం పిల్లల ముందు ఒక పటం పరచి, "ఈ యేడు గోస్తనీ నది వెంట పోదాము, దారి నీవు గీయి" అని ఉంటే ఎట్లుండేది? అనంతగిరి కొండలలో పుట్టిన ఆ నది బొర్రా గుహలవద్ద సున్నపురాతిని తొలుచుకొని వస్తున్నది. దిగువన శృంగవరపుకోటకు చేరువలోనే తాటిపూడి జలాశయంలో నిలిచి, పొలాలను తడిపి, విశాఖపట్నానికి తాగునీరు ఇచ్చి, భీమునిపట్నంవద్ద సముద్రంలో కలుస్తున్నది. పుట్టుకనుండి సంగమందాకా ఒక నదిని సాంతం చూడడం గంగా గోదావరుల విషయంలో సామాన్యులకు సాధ్యమా? గోస్తనీ విషయంలో అది నాలుగు దినాల పని. దక్షిణ ఫ్రాన్సులో నీమ్ నగరానికి నీరు తెచ్చేటందుకు రోమనులు సుమారు రెండువేల యేండ్లనాడు కట్టిన పోన్ దు గార్ వంతెనను చూడడానికి లోకం తరలిపోతున్నది. తాటిపూడి గట్టుమీద నిలబడి "ఈ నీరు విశాఖకు ఎట్లు పోతున్నది?" అని అడిగిన పిల్లవాడు ఆ వంతెన రహస్యాన్ని సగం గ్రహించినవాడే. భీమునిపట్నంలో డచ్చివారి సమాధులు చూచినప్పుడు ఐరోపాకూ ఈ తీరానికీ ఉన్న పాత సంబంధం పాఠ్యపుస్తకం అక్కరలేకుండానే తెలుస్తుంది.

ఏర్పాటులో కొన్ని జాగ్రత్తలు తప్పవు. ఒక దినానికి ఒక స్థలం చాలును. పూటంతా పని లేకుండా ఉండే వ్యవధి కూడా ఏర్పాటులో భాగమే. మలుపుల దారి పడని పిల్లలకు బస్సుకంటె రైలు మేలు. గుహలలో నేల జారుడుగా ఉంటుంది. పసివారిని చేయి విడువరాదు. వాగులూ జలపాతాలూ కంటికి చిన్నవిగా కనబడినా ప్రాణాలు తీసినవి ఉన్నవి. వానకాలంలో వాటిలోనికి దిగనీయరాదు. ఏజెన్సీలో రాత్రి బస చేసినప్పుడు దోమతెర, పుష్యమాసంలో ఉన్నిబట్ట మరువరాదు. ఇక ప్రతి పిల్లవానికీ ఒక బాధ్యత ఉండవలె: ఒకరికి సొరంగాల లెక్క, ఒకరికి పద్దులు, ఒకరికి దినచర్య. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నంనుండి కాశీకి బయలుదేరి, తిరుగుదారిలో ఉత్తరాంధ్రమీదుగా ఇల్లు చేరినాడు. దారి పొడుగునా మజిలీలు, నీటివసతి, మనుష్యుల రీతి వ్రాసిపెట్టినందువల్లనే ఆ యాత్ర నేటికీ చరిత్ర అయినది. పన్నెండేండ్ల బాలిక నాలుగు పుటలు వ్రాసినా ఆ మార్గంలో నడిచినట్లే.

ఇదంతా అందని ద్రాక్షపండ్లు పుల్లన అన్న చందమని ఎవరైనా అనవచ్చును. ఆ ఆక్షేపణ కొట్టివేయదగినది కాదు. సామాన్యుని పిల్లలకు సముద్రాల అవతలి లోకం చూచే హక్కు లేదా? తప్పక ఉన్నది. దగ్గరి కొండ చాలునని చెప్పి వారి కోరికలకు కంచె వేయరాదు. కాని దగ్గరి కొండను చూడడం నేర్వని కన్ను దూరపు కొండవద్ద ఫొటో దిగి తిరిగి వస్తుంది. నేర్చిన కన్ను ఎప్పటికైనా పోన్ దు గార్ చేరినప్పుడు దానిని నిజంగా చూస్తుంది.

ఈ సందర్భంలో ఉపాధ్యాయులు మరొక విషయం ఆలోచించవలె. పిల్లల సెలవులూ తల్లిదండ్రుల సెలవులూ ఒకేసారి వచ్చే భాగ్యం ఎక్కువగా ఉపాధ్యాయుల ఇండ్లకే ఉన్నది. ఫ్రాన్సులో కార్మికునికి జీతంతో కూడిన రెండు వారాల సెలవు 1936లో చట్టం వల్ల లభించినది. ఆ వేసవిలోనే ఎన్నో శ్రామిక కుటుంబాలు మొదటిసారి సముద్రం చూచినవి. ఆ సెలవు పెరిగి పెరిగి 1982 నాటికి అయిదు వారాలైనది. మన ఊళ్ళలో దినకూలికి పోయే తల్లిదండ్రులకు పని మానితే కూలి లేదు. "వేసవి సెలవులు ఎట్లు గడిపితిరి?" అని వ్యాసం వ్రాయించినప్పుడు ఆ పిల్లలు కలం పట్టుకొని కూర్చుంటారు. ఆ ప్రశ్న వేసే ముందు తరగతినంతటినీ ఒకపూట తాటిపూడి గట్టుకో, పుణ్యగిరి సెలయేటికో తీసికొనిపోతే అందరికీ వ్రాయడానికి ఏదో ఒకటి ఉంటుంది.

అయిదేండ్లనుండి పదిహేనేండ్లదాకా లెక్కించితే పిల్లవానికి దక్కేవి పది వేసవులు. అందులో చివరి మూడు నాలుగింటిని పోటీపరీక్షల శిక్షణ ముందుగానే మింగివేస్తున్నది. మిగిలినవి ఆరేడు. మార్సెల్ పన్యోల్ తల్లి 1910లో, ఆయనకు పదునైదేండ్లప్పుడు, కన్నుమూసినది. కొండమీద ఆమెతో గడిపిన వేసవులు వ్రేళ్ళమీద లెక్కించదగినవే. అర్ధశతాబ్ది తరువాత ఆయన చేత పుస్తకాలు వ్రాయించినవి ఆ కొద్ది వేసవులే. విదేశయానానికి కావలసిన డబ్బు పదేండ్లకైనా సమకూడవచ్చును. అప్పటికి పిల్లలు పిల్లలుగా ఉండరు. ఈ సెలవులలో ఇంటి సభ చేరినప్పుడు వారికి కూడా ఒక పీట వేసి, పటం వారి చేతికి ఇవ్వవలె.